ఔట్‌బోర్డ్‌లో వింత చప్పుడు: డ్రమ్ములో వినాలా, జెట్టీ దగ్గర వినాలా?

వానలు పడి హుస్సేన్‌సాగర్‌లో తెరచాపలు లేచే రోజులొస్తే చాలు, పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు గురించి నాకు ఇదే ఫోను: "అన్నా, మోటారు గరగరమంటోంది. విప్పి ఇంటికి తెచ్చి డ్రమ్ములో నడపనా, నీళ్లలోనే చూడనా?"

మొన్నమొన్నటిదాకా నేనూ డ్రమ్ము పార్టీయే. నీళ్లు నింపిన రెండొందల లీటర్ల డ్రమ్ము, స్టాండు మీద మోటారు, తీరిగ్గా పని. పై కవర్ తీసి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ బ్లాక్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే ఏ మూల నుంచి వస్తోందో తెలుస్తుంది. ఊగే పడవలో అది కుదరదు. (ఫ్లైవీల్ తిరుగుతుంటుంది, మెడలో తువ్వాలు తీసెయ్యండి.) నీళ్లు లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా వద్దు, చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది.

చిక్కేమిటంటే డ్రమ్ములో మోటారు మీద బరువు పడదు. గేర్ వేస్తే సగం నీళ్లు బయటికి, మిగిలింది నురగ. అంటే మనం వింటున్నది న్యూట్రల్ చప్పుడే. నన్నడిగితే అసలు తేలాల్సింది ఇదొక్కటే: న్యూట్రల్‌లోనూ వస్తోందా, గేర్ పడ్డాకేనా? న్యూట్రల్‌లోనూ వచ్చి రేస్‌తో పెరిగితే ముందు పైన ఇంజన్‌లో వెతకాలి. గేర్‌లోనే వస్తే కింద ప్రొపెల్లర్, షాఫ్ట్, బేరింగులు. న్యూట్రల్‌లో గేర్లు ఊరికే తిరుగుతాయి, ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరగదు కదా. బరువు మీద రేస్ ఇచ్చినప్పుడు మాత్రమే టకటకమంటే అది కిందిది కాకపోవచ్చు, సిలిండర్లో పింగింగ్ (ఇంధనం అదుపు తప్పి మండే చప్పుడు) కావచ్చు. అది కూడా డ్రమ్ములో వినపడదు.

పోయిన సంక్రాంతి తర్వాత మా 15 హెచ్‌పీ మోటారు గరగరలాడింది. ఒక మెకానిక్ డ్రమ్ములో విని కార్బురేటర్ అన్నాడు. శుభ్రం చేయించాం, చప్పుడు చెక్కుచెదరలేదు. జెట్టీకి రెండు తాళ్లతో కట్టి గేర్ వేస్తే పది సెకన్లలో బయటపడింది. గేర్ ఆయిల్ కింది స్క్రూ తీస్తే, నీళ్లు కలిసిన ఆయిల్ అచ్చం ఇరానీ చాయ్! ప్రొపెల్లర్ ఊడదీశాం. వెనక షాఫ్ట్‌కి నైలాన్ మాంజా చుట్టుకుని ఉంది. గాలం దారం చేసే పనే అదీ చేసింది: సీలు కోసింది, నీళ్లు లోపలికెళ్లి బేరింగ్ తుప్పు పట్టింది.

అందుకే ఇప్పుడు జెట్టీ వైపే నా ఓటు. కాకపోతే ముందు గేర్ ఆయిల్ చూడండి. రాత్రంతా నిలబెట్టిన మోటారులో నీళ్లు అడుక్కి దిగుతాయి, స్క్రూ కాస్త వదులు చేస్తే ముందు అవే వస్తాయి. స్క్రూ అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పొడి ఉంటే ఫర్వాలేదు, పలుకులు కనిపిస్తే మోటారు స్టార్ట్ చెయ్యొద్దు. కట్టి నడిపేటప్పుడు కిల్ కార్డ్ (లాగితే మోటారు ఆగిపోయే తాడు) చేతికి ఉండాలి, వెనక మనుషులు ఉండకూడదు. గుర్రపుడెక్క, పాలిథిన్ సంచులు అడ్డుపడితే మోటారును చల్లబరిచే నీళ్లు పక్కన చిమ్మే సన్నటి ధార ఆగిపోతుంది, దాని మీద ఒక కన్నేసి ఉంచండి.

కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచే పరీక్ష) అంటారా, తప్పు పైన ఉందని తేలాక చూసుకోవచ్చు. వాట్సాప్‌లో ఆడియో పంపేవాళ్లు పంపండి, కానీ న్యూట్రల్‌లో తీశారో గేర్‌లో తీశారో కూడా రాయండి.