ఫోన్ డిక్టేషన్ సరిగా వినబడట్లేదా? నార్మలైజ్ మేలా, కంప్రెసర్ మేలా?

డిక్టేషన్ విని టైపు చేసేవాళ్లకు ఈ బాధ తెలిసిందే. ఫోన్లో చెప్పిందంతా రికార్డయితే అయింది గానీ, గొంతు బావిలోంచి వస్తున్నట్టుంటుంది. సరే అని వాల్యూమ్ ఆఖరిదాకా పెంచుతామా, మధ్యలో ఎవరో కీ నొక్కిన బీప్ చెవిలో సూదిలా దిగుతుంది.

ప్లేయర్‌లో పెంచుకోవడం అన్నిటికన్నా తేలిక. వీఎల్‌సీ లాంటివి నూరు శాతం దాటి కూడా పెంచనిస్తాయి. ఒక్కసారి విని వదిలేసే ఫైలుకు అది చాలు. కానీ ఫైలు మాత్రం మారదు. ఇంకొకరికి పంపితే వాళ్లకూ అదే అవస్థ.

ఆడియోను సరిదిద్దే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ తెరవగానే ఎక్కువమంది చెయ్యి నార్మలైజ్ మీదికే పోతుంది. నేనూ చాలాకాలం అదే చేశాను, ఎందుకు పనిచేయట్లేదో అర్థంకాక. సంగతేమిటంటే, నార్మలైజ్ ఫైలు మొత్తంలో అన్నిటికన్నా పెద్ద శబ్దాన్ని వెతికి, దాన్ని మైనస్ 1 డీబీ (డెసిబెల్; ఫైలులో పట్టే గరిష్ఠ శబ్దం సున్నా) దాకా తెస్తుంది. మిగతాదంతా సరిగ్గా అంతే పెరుగుతుంది. మాట మైనస్ 25 దగ్గర, బీప్ మైనస్ 2 దగ్గర ఉన్నాయనుకోండి. పెరిగేది ఒక్క డీబీ! చెవికి తేడాయే తెలియదు. మొత్తం శబ్దాన్ని పెంచే ఆంప్లిఫై కూడా ఇంతే. క్లిప్పింగ్‌కు, అంటే సున్నా దాటిన శబ్దం తెగిపోవడానికి, ఒప్పుకుంటే ఇంకా పెంచుతుంది గానీ, బీప్ అంచులు తెగి గరగరలాడుతుంది.

అదే ఫైలుకు, పెద్ద శబ్దాలను మాత్రమే అణిచే కంప్రెసర్ వేసి చూడండి. థ్రెషోల్డ్ (అణచడం మొదలయ్యే గీత) మైనస్ 30, నిష్పత్తి 4:1, మేకప్ గెయిన్ (అణిచాక తిరిగి పెంచేది) సున్నా. గీత దాటిన ప్రతి 4 డీబీలూ ఒకటిగా కుదించుకుపోతాయి. బీప్ మైనస్ 23కు దిగుతుంది, మాట మైనస్ 29 దగ్గరే ఉంటుంది. ఇప్పుడు నార్మలైజ్ చేస్తే అంతా 22 డీబీలు లేస్తుంది, మాట మైనస్ 7కి వచ్చేస్తుంది. అటాక్ టైమ్ (కంప్రెసర్ అందుకోవడానికి పట్టే సమయం) మాత్రం తక్కువ పెట్టాలి, లేకపోతే బీప్ మొదటి ముక్క తప్పించుకుంటుంది. బీప్ ఒక్కటే ఉంటే ఇంత తతంగం అక్కర్లేదు. దాన్ని సెలెక్ట్ చేసి తగ్గించి, తర్వాత నార్మలైజ్ చేస్తే సరి. అవతలి గొంతు సన్నగా, ఇవతలిది గట్టిగా ఉన్న కాల్‌కైతే నా ఓటు కంప్రెసర్‌కే.

దీనికీ ఓ చిక్కుంది. మాటతోపాటు వెనకున్న బుస కూడా అన్ని డీబీలూ లేస్తుంది. అందుకని ముందే ఎవరూ మాట్లాడని అర సెకను ముక్కను నమూనాగా ఇచ్చి నాయిస్ రిడక్షన్ చేయాలి, అదీ కొద్దిగానే. మామూలు ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. స, ఫ లాంటి హల్లులకు ఆయువుపట్టయిన పై శబ్దాలు అప్పటికే పోయి ఉంటాయి. ఉన్న కాస్తా తుడిచేస్తే మాట నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. కింది వైపు మాత్రం మొహమాటం అక్కర్లేదు. హై పాస్ ఫిల్టర్‌తో 200 హెర్ట్జ్ కింద కోసేస్తే కరెంటు గుయ్ మంటూ చేసే మోతలో చాలా భాగం పోతుంది.

ఇదంతా అసలు ఫైలు మీద కాదు, నకలు మీదే చేయండి. పని మధ్యలో మళ్లీ మళ్లీ ఎంపీ3గా సేవ్ చేయొద్దు, నాణ్యత తగ్గని వేవ్ (WAV) ఫైలుగానే ఉంచండి.

నిజానికి వీటన్నిటికన్నా మేలైనది రికార్డు చేసేటప్పుడే సరిచూసుకోవడం. స్పీకర్‌ఫోన్ ఎదుట మైకు పెట్టేకన్నా లైను నుంచి నేరుగా తీసుకుని, మీటరులో మాట గరిష్ఠంగా మైనస్ 12, మైనస్ 6 మధ్య ఆడేలా చూస్తే సగం తలనొప్పి ఉండదు. కాకపోతే డిక్టేషన్ చెప్పేది పై అధికారి, ఫోన్ ఆయన భుజానికీ చెవికీ మధ్య. "సార్, కాస్త దగ్గరగా పెట్టుకుని చెప్పండి" అనలేకే కదా నేను కంప్రెసర్ నేర్చుకున్నది!