పరిశీలకుల శిక్షణ: కెప్టెన్‌తో తగువు వస్తే?
చేపల వేట నౌకలపై పనిచేసే శాస్త్రీయ పరిశీలకులకు నిర్వహించిన ఈ శిక్షణలో, కెప్టెన్‌తో తగువు ముదరకుండా చూసుకోవడం నేర్పిన పూటే నాకు నిజంగా పనికివచ్చింది. తిరిగి సముద్రంలోకి పారవేసే చేపల బరువు రాస్తుండగా, కెప్టెన్ పుస్తకం లాక్కుని ‘ఇది కొట్టెయ్’ అని గద్దించే సన్నివేశాన్ని మా చేత ఆడించారు. గొంతు పెంచకుండా, తాము నమోదు చేసేవారే తప్ప జరిమానా వేసేవారు కారని చెప్పి, ఆయన అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే పక్కన రాసుకోవాలన్న సూచన బాగుంది. అంకెను మాత్రం మార్చకూడదు. బెదిరింపుల భాగాన్నే హడావిడిగా ముగించారు. పశ్చిమ, మధ్య పసిఫిక్ మత్స్య కమిషన్ 2016లోనే పరిశీలకుల రక్షణకు నిబంధన తెచ్చిందని చెప్పారు గానీ, సాయం కోరే శాటిలైట్ పరికరాన్ని ఒక్కసారైనా మా చేతికివ్వలేదు.