గోలి మింగని ముసలి పిల్లికి కీళ్ల నొప్పులు: చుక్కల మందా, గోలా, సూదా, ఇంటి సర్దుబాటా – ఏది మేలు?

పిల్లి కుంటదు. దాని కీళ్ల నొప్పి చాలా ఇండ్లల్లో ఏండ్ల తరబడి బయటపడకపోవడానికి కారణం ఇదే. అరుగుదల తరచుగా రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అందుకని ఏ కాలూ ఎత్తి నడవదు. చేసే పనులే ఒక్కొక్కటిగా మానుకుంటుంది. ఒక్క దూకుతో గోడెక్కేది ఇప్పుడు కింద నిలబడి రెండుసార్లు పైకి చూస్తుంది, ముందు కాళ్లతో పట్టుకొని పాకుతుంది. నడుము వంచి నాక్కోలేదు కాబట్టి తోక దగ్గర వెంట్రుకలు అట్టకడతాయి. గోళ్లు మందమై బండల మీద టకటకమంటాయి. ఉసికె డబ్బా అంచు దాటలేక దాని పక్కనే మూత్రం పోస్తుంది, మనం అది మొండికేసిందనుకుంటాం. అమెరికాలో 12 ఏండ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ల అరుగుదల గుర్తులు కనిపించాయి. ముసలి పిల్లి ఇంట్లో ఉంటే నొప్పి ఉందేమోనని అనుమానించడమే సరైన మొదలు.

ఇక ఏ మందు మేలు అన్న ప్రశ్న. మందు బలం చూసే ముందు ఒక లెక్క వేయండి: నెలలో పిల్లిని ఎన్నిసార్లు బలవంతంగా పట్టుకోవాలి? రోజుకు రెండు పూటల గోలి అంటే 60 సార్లు. రోజుకు ఒక్కసారి అంటే 30. నెలకో సూది అంటే ఒక్కసారి. తిండిలో కలిసిపోయే చుక్క, ఇంటి సర్దుబాటు అయితే సున్నా. గోలీకి ఎదురు తిరిగే పిల్లి వారం తిరిగేసరికి మన చెయ్యి చూస్తేనే మంచం కిందికి దూరుతుంది, భయంతో ఎత్తు నుంచి దూకి నొస్తున్న మోచేతుల మీదే పడుతుంది, ఆఖరికి గిన్నె దగ్గరికీ రాదు. అలాంటప్పుడు ఎంత మంచి మందైనా నొప్పిని పెంచినట్టే.

ముందు ఇంట్లో ఉన్నవాటితో పైలం

పారాసిటమాల్ చిన్న ముక్క కూడా వద్దు. నాలుగు కిలోల పిల్లికి 500 మి.గ్రా. గోలి ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చి చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పాదాలు ఉబ్బుతాయి. పొరపాటున మింగితే గంటలు లెక్కపెట్టకుండా దవాఖానకు పరుగెత్తాలి. ఐబుప్రొఫెన్ కూడా అంతే. డైక్లోఫెనాక్‌ను రాబందుల చావులకు కారణమైందని 2006లోనే మన దేశంలో పశువైద్యం నుంచి నిషేధించారు, పిల్లికీ అది పనికిరాదు. మోకాళ్లకు పూసుకునే నొప్పి మందులూ ప్రమాదమే: యజమాని రాసుకున్న ఫ్లర్బిప్రొఫెన్ మందు వల్ల పిల్లులు చనిపోయాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది. కర్పూరం, నీలగిరి తైలం ఉన్న బామ్ పిల్లి ఒంటికి రాస్తే అది నాకి లోపలికే తీసుకుంటుంది. మీరు జెల్ పూసుకుంటే చేతులు కడుక్కొని, ఆ చోటును బట్టతో కప్పుకొన్నాకే పిల్లిని ఒళ్లోకి తీసుకోండి.

మెలాక్సికామ్ చుక్కలు

కీలు వాపును నేరుగా తగ్గించే మందుల్లో పిల్లికి ఎక్కువగా వాడేది ఇదే. ద్రవరూపంలో దొరుకుతుంది, రుచి చేదు కాదు, రోజుకు ఒక్కసారి చాలు. రాబందులకు హాని చేయదని తేలిన మందు కూడా. కానీ మోతాదు దగ్గర జరిగే పొరపాటు మామూలుది కాదు.

యూరప్‌లో అనుమతి ఉన్న పద్ధతి ఇది: మొదటి రోజు కిలోకు 0.1 మి.గ్రా., తర్వాత రోజుకు కిలోకు 0.05 మి.గ్రా. నాలుగు కిలోల పిల్లికి 0.2 మి.గ్రా. అన్నమాట. పిల్లుల కోసం తయారైన ద్రవంలో ఒక మి.లీ.కి 0.5 మి.గ్రా. ఉంటుంది, అంటే 0.4 మి.లీ. కుక్కల సీసాలో ఒక మి.లీ.కి 1.5 మి.గ్రా., అంటే 0.13 మి.లీ. మాత్రమే. పిల్లి సీసా లెక్క కుక్క సీసాకు వాడితే మూడింతలు పోతుంది. మనుషుల 7.5 మి.గ్రా. గోలి ఒక్కదాంట్లో అదే పిల్లికి 37 రోజుల మందు ఉంది, దాన్ని గోరుతో గిల్లి కొలవడం అసాధ్యం. సీసా మీద బలం చదవండి, సూది తీసేసిన ఒక మి.లీ. సిరంజితోనే కొలవండి. చుక్కలు లెక్కపెట్టొద్దు.

రెండో గండం కిడ్నీలు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే వ్యవస్థను ఈ మందు అడ్డుకుంటుంది. అందుకే అమెరికాలో దీని మీద పెద్ద హెచ్చరిక ఉంది: పిల్లులకు పదేపదే ఇస్తే కిడ్నీ చెడి చావు రావచ్చని. యూరప్ అనుమతి, అమెరికా హెచ్చరిక రెండూ నిజమే. తేడా మోతాదులోనూ నిఘాలోనూ ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో ఈ మాట ఇంకా బరువైంది. ఏప్రిల్, మే నెలల్లో పిల్లి తిండి తగ్గించి, నీళ్లు తాగక పడుకుంటే ఆ రోజు చుక్క వేయొద్దు. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రం గాఢత చూపించాలి. రెండు నుంచి నాలుగు వారాలకు మళ్లీ, తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి. ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతుంటే దీన్ని అసలు కలపొద్దు. వాంతి, నల్లటి మలం, తిండి మానడం, నీళ్లు మామూలుకంటే ఎక్కువ తాగడం, వీటిలో ఏది కనిపించినా ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. నొప్పి తగ్గాక డాక్టరుతో మాట్లాడి మోతాదు మెల్లగా దించుతూ పని చేసే అతి తక్కువ దగ్గర ఆగడం మంచిది.

తినిపించే తీరు మీదే అంతా ఉంది. మొత్తం గిన్నెలో కలిపితే సగం వదిలేస్తుంది, ఎంత మందు లోపలికి పోయిందో తెలియదు. పైగా ఆ తిండి మీదే విరక్తి వస్తుంది. ఆకలిగా ఉన్నప్పుడు గోరంత ముద్దలు మూడు పెట్టండి: మొదటిది ఉత్తది, రెండోదాంట్లో మందు, మూడోది మళ్లీ ఉత్తది. మూడోది కళ్ల ముందు ఉంటే రెండోది వాసన చూడకుండా మింగుతుంది. వెంటనే మామూలు తిండి పెట్టండి, ఖాళీ కడుపు మీద మందు వద్దు. ముద్దకు ఉడికించిన కోడి మాంసమో, ఉప్పు లేని చేపో చాలు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసిన కూర ముక్క వద్దు, అవి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. వాడలో ఇతర పిల్లులు తిరిగే ఇంట్లో, ముద్ద అయిపోయేదాకా పక్కనే నిలబడాలి.

కార్జం గురించి ఒక మాట. వాసనకు ఏ పిల్లైనా లొంగుతుంది కాబట్టి చాలామంది రోజూ అదే పెడతారు. అందులో విటమిన్-ఎ విపరీతం. నెలల తరబడి కార్జమే ప్రధాన తిండైతే మెడ ఎముకలు, ముందు కాళ్ల కీళ్లు అతుక్కుపోయి బిగుసుకుంటాయి. కీళ్ల నొప్పి తగ్గించబోయి కీళ్లనే బిగించొద్దు. వారానికి ఒకసారి శనగగింజంత చాలు.

గాబాపెంటిన్ గోలి

ఇది వాపును తగ్గించదు, నరాల్లో నొప్పి సంకేతాన్ని తగ్గిస్తుంది. కిలోకు 5 నుంచి 10 మి.గ్రా., రోజుకు రెండు మూడు సార్లు. నాలుగు కిలోల పిల్లికి పూటకు 20 నుంచి 40 మి.గ్రా. మన దగ్గర దొరికే చిన్న క్యాప్సూల్ 100 మి.గ్రా. కాబట్టి విప్పి పొడిని 2 మి.లీ. నీళ్లలో కలిపితే అర మి.లీ.లో 25 మి.గ్రా. వస్తుంది. బాగా ఊపి తీసుకోవాలి, ఆ రోజుదే ఆ రోజు వాడాలి. మెడికల్ షాపులో మిథైల్‌కోబాలమిన్, నార్ట్రిప్టిలిన్ కలిసిన గోలీలు ఇదే పేరుతో చేతికొస్తాయి, ఉత్త గాబాపెంటినే అడగండి.

ఎదురు తిరిగే పిల్లికి దీంతో రెండు కష్టాలు. చేదు, రోజుకు రెండు పోరాటాలు. నోట్లో పడితే నురగ కక్కుతుంది. అది విషం కాదు, రుచి నచ్చక. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా తూలుతుంది, అప్పుడు మెట్లు, గోడలు దాని అందుబాటులో ఉండకూడదు. బయట తిరిగే పిల్లికి మాత్రం ఇది వద్దనే అంటాం: మత్తులో ఉన్న పిల్లి కుక్క నుంచి, బండి నుంచి తప్పించుకోలేదు. ఈ మందు కిడ్నీ ద్వారానే ఒంట్లోంచి బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ చెడితే మోతాదు తగ్గించాలి. వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపొద్దు.

దీని అసలు మేలు ఇంకోచోట ఉంది. బస్సులోనో ఆటోలోనో దవాఖానకు పోయే రోజు, డాక్టరు చెప్పిన ఒక్క మోతాదును, రెండు మూడు గంటల ముందు ఇస్తే పిల్లి నెమ్మదిగా ఉంటుంది, కీళ్లు ముట్టుకోనిస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దాకా ఎక్స్‌రే కోసం తీసుకుపోయే వాళ్లకు ఇది చాలా పనికొస్తుంది.

గట్టి గోలి ఏదైనా తప్పనిసరిగా మింగించాల్సి వస్తే, తువాలులో చుట్టి నాలుక వెనక పెట్టి, వెంటనే 5 మి.లీ. నీళ్లు బుగ్గ పక్క నుంచి మెల్లగా పట్టాలి. పొడి గోలి గొంతు దిగక అన్నవాహికలోనే ఆగి పుండు చేస్తుంది.

నెలకో సూది

ఫ్రునెవెట్‌మాబ్ అనే యాంటీబాడీ. నొప్పిని పెంచే నరాల ఎదుగుదల ప్రొటీన్‌ను పట్టి ఆపుతుంది. యూరప్‌లో 2021లో, అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. చర్మం కింద నెలకోసారి. కిడ్నీ, కాలేయం మీద భారం పడదు, ఇంట్లో పోరాటం ఉండదు. పిల్లి స్వభావాన్ని బట్టి చూస్తే ఇదే అన్నింటికంటే మేలు. ఫలితం మొదటి నెలలోనే కనిపించవచ్చు, కొన్నింటికి రెండో సూది తర్వాత. తల, మెడ దగ్గర దురద, పొక్కులు వస్తే వెంటనే చెప్పాలి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన మందు ఇది, మే నెలలో వంద కిలోమీటర్లు బ్యాగులో తేవడం కుదరదు. తెప్పించగల దవాఖాన ఉందో లేదో ముందు ఫోన్‌లో అడిగి, పిల్లిని అక్కడికే తీసుకుపోండి.

ఇంటి సర్దుబాటు

మందు ఏదైనా, మొదలు ఇక్కడే, ఈ రోజే. నాపరాయి, టైల్స్ జారుడుకు వెనక కాళ్లు పక్కకు పోతాయి. పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె, ఉసికె డబ్బా దాకా గోనె సంచి పరవండి. ఇష్టమైన కిటికీకి మెట్లు కట్టండి: రెండు ఇటుకలు పేర్చితే ఆరు అంగుళాలు, మెట్టు వెడల్పు అడుగు, పైన గోనె. అంతకన్నా ఎత్తైతే మళ్లీ దూకుతుంది. డబ్బాకు ముందు గోడ రెండు అంగుళాలే ఉండేట్టు కోసి అంచు నున్నగా చేయండి. ఉసికె రెండు అంగుళాలు చాలు, లోతైతే పాదాలు దిగబడి కీళ్లు నొస్తాయి. చలికాలం రాత్రి గాలి తగలని మూలన బొంత, దాని కింద గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా. రెండు మూడు వారాలకోసారి గోళ్ల కొన మాత్రమే కత్తిరించాలి, లోపలి ఎర్రటి భాగం ముట్టొద్దు.

బరువు పెద్ద విషయం. ఐదు కిలోలున్న పిల్లి నాలుగుకు రావాలంటే వారానికి 50 గ్రాముల చొప్పున 20 వారాలు. పాలన్నం మాని మాంసం పెంచండి, కానీ పస్తు పెట్టొద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది. చేపనూనె క్యాప్సూల్ పొడిచి పావు వంతు నూనె తిండి మీద పిండొచ్చు, విరేచనం కాకపోతే మెల్లగా పెంచొచ్చు. ఫలితం కొద్దిగానే ఉంటుంది, అదీ నెల దాటాకే. కాడ్‌లివర్ నూనె వద్దు, కార్జం సంగతే అక్కడా. కీళ్ల కోసమని అమ్మే గ్లూకోసమైన్ మీద డబ్బు పెట్టేకంటే గోనె సంచులు కొనడం మేలు.

ఎవరికి ఏది

కిడ్నీ బాగుండి, తిండి మీద యావ ఉన్న పిల్లికి: సర్దుబాటు, దాని మీద మెలాక్సికామ్ ముద్ద. కిడ్నీ దెబ్బతిన్నదానికి, లేదా ముద్దను కూడా వాసనతో పట్టేసే పిల్లికి: సూది దొరికితే సూదే. దొరకకపోతే డాక్టరు తగ్గించి రాసిన గాబాపెంటిన్, అదీ ఇంట్లోనే ఉండే పిల్లికి. చెయ్యి తగలనివ్వకుండా పూటకోసారి తిండికి వచ్చి పోయే పిల్లికి రక్తపరీక్ష కుదరదు కాబట్టి మెలాక్సికామ్ మొదలుపెట్టకూడదు. మెట్లు, మెత్తటి పడక, బరువు, అంతే.

పని చేస్తుందో లేదో జ్ఞాపకం మీద తేల్చొద్దు. మందుకు ముందే పిల్లి కిటికీ ఎక్కడం, మెట్లు దిగడం ఫోన్‌లో పది సెకన్ల వీడియోలు తీసి పెట్టుకోండి. వారానికోసారి అదే చోట, అదే సమయానికి మళ్లీ తీయండి. చుక్కల మందుకు రెండు మూడు వారాలు, సూదికి రెండు నెలలు, నూనెకు రెండు నెలలు గడువివ్వండి. ఒకేసారి రెండు మొదలుపెడితే ఏది పని చేసిందో తెలియదు. గడువు దాటినా వీడియోల్లో తేడా లేకపోతే ఆ మందు ఎలా ఆపాలో డాక్టరును అడిగి, ఆ వీడియోలే చూపించండి.