క్యూఏపీలో మీ కాలమ్ చదవకుండా సంతకం పెట్టకండి

రియాక్టర్లు, ట్యాంకులు, హీట్ ఎక్స్ఛేంజర్లు ఆర్డరిచ్చి చేయించుకునే చిన్న కంపెనీలవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. క్యూఏపీ అంటే క్వాలిటీ అష్యూరెన్స్ ప్లాన్: ఏ స్టేజ్‌లో ఏ తనిఖీ జరగాలో, అందులో ఎవరి పాత్ర ఏంటో రాసే టేబుల్.

మాది జీడిమెట్లలో చిన్న కెమికల్ యూనిట్. పోయినేడాది 3 కిలోలీటర్ల రియాక్టర్ కావాల్సి వచ్చి ఒక ఫ్యాబ్రికేటర్‌కి ఆర్డర్ ఇచ్చాం. పేరు చెప్పను. మా ప్రాసెస్‌లో క్లోరైడ్లు ఉంటాయి కాబట్టి సరుకు తగిలే భాగమంతా 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలే ఉండాలని పీఓలో (పర్చేజ్ ఆర్డర్‌లో) రాశాం. అడ్వాన్స్ కట్టిన మర్నాడే క్యూఏపీ మెయిల్‌లో వచ్చింది. నాలుగు పేజీల టేబుల్. "ఇవాళ సంతకం చేసి పంపండి సార్, రేపే ప్లేట్ కటింగ్ మొదలెడతాం" అని ఫోన్. డెలివరీ టెన్షన్‌లో ఉన్నాం, చేసేశాం. చేసింది నేనే.

రియాక్టర్ నడపడం మొదలుపెట్టిన ఐదు నెలలకు కింది డిష్ ఎండ్ (గిన్నెలాంటి అడుగు మూత) లోపల సూదితో పొడిచినట్టు గుంటలు కనిపించాయి. పీఎంఐ గన్ (లోహంలో ఏమేం ఉన్నాయో చూపించే చేతి పరికరం) తెప్పించి చూస్తే షెల్, అంటే గుండ్రటి ఒళ్లు, బాగానే ఉంది. డిష్‌లో మాత్రం మాలిబ్డినం దాదాపు సున్నా. 316ఎల్‌లో అది 2 నుంచి 3 శాతం ఉండాలి. అంటే మాకు అంటగట్టింది 304 రకం. ఫైల్లో మాత్రం ఆ డిష్‌కి 316ఎల్ టెస్ట్ సర్టిఫికెట్ హీట్ నంబర్‌తో (స్టీల్ కరిగించిన బ్యాచ్ నంబర్‌తో) సహా చక్కగా ఉంది. డిష్ మీద ఆ నంబర్ వెతికితే ఎక్కడా లేదు. బఫింగ్‌లో పోయిందన్నారు. (బండి దిగిన రోజు మా స్టోర్స్ వాళ్లు అయస్కాంతం పెట్టి చూసి, అతుక్కోలేదు కాబట్టి సరుకు మంచిదే అన్నారు. 304 కూడా మామూలుగా అతుక్కోదు మరి.)

గొడవకు దిగితే వాళ్లు క్యూఏపీ తీసి చూపించారు. మెటీరియల్ ఐడెంటిఫికేషన్ వరుసలో కస్టమర్ కాలమ్ కింద 'ఆర్' అని ఉంది. దాని కిందే నా సంతకం.

ఆ అక్షరాల సంగతి నాకు అప్పుడే బుర్రకెక్కింది. 'ఆర్' అంటే రివ్యూ, మనం కాగితాలు చూస్తాం, అంతే. 'డబ్ల్యూ' అంటే విట్‌నెస్. వాళ్లు ముందుగా కబురు పెట్టాలి, మనం వెళ్లకపోతే వాళ్ల పని వాళ్లు చేసుకుపోవచ్చు. 'హెచ్' అంటే హోల్డ్. మనం చూసి, రాతపూర్వకంగా క్లియరెన్స్ ఇచ్చేదాకా పని అక్కడ ఆగాల్సిందే. మా ప్లాన్ మొత్తంలో ఒక్క 'హెచ్' కూడా లేదు. ఉన్న రెండు 'డబ్ల్యూ'ల్లో ఒకటి హైడ్రో టెస్ట్, అంటే నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే పరీక్ష. దానికి ఇన్‌స్పెక్షన్ కాల్ శనివారం సాయంత్రం ఏడింటికి వచ్చింది, టెస్ట్ సోమవారం పొద్దున. మేం మెయిల్ చూసేసరికి టెస్ట్ అయిపోయింది, నీళ్లు కూడా తీసేశారు. ఎన్ని పనిదినాల ముందు చెప్పాలో ప్లాన్‌లో రాయించుకోలేదు కాబట్టి అడగడానికి నోరు లేదు. ఫొటోలో ప్రెషర్ గేజ్ ఒక్కటే కనిపిస్తోంది, దాని కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఇప్పటికీ అందలేదు.

ఇంకో తిరకాసు ఏంటంటే ఈ అక్షరాలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. ఎన్‌టీపీసీ క్వాలిటీ ప్లాన్లలో పీ (పెర్ఫార్మ్, అంటే చేయడం), డబ్ల్యూ (విట్‌నెస్), వీ (వెరిఫికేషన్) అని ఉంటాయి. అక్కడ కస్టమర్ హోల్డ్ పాయింట్‌ని, అంటే సీహెచ్‌పీని, వాళ్ల కాలమ్‌లో 'డబ్ల్యూ' అనే గుర్తిస్తారు. ఒకచోట పని ఆపే అక్షరమే ఇంకోచోట ఆపదు. అందుకే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే లెజెండ్ ముందు చదవండి. లెజెండే లేకపోతే ప్లాన్ వెనక్కి పంపండి.

నా మటుకు నేను ఇప్పుడు చూసేది ఒక్కటే: ఈ స్టేజ్ దాటితే ఆ పని మళ్లీ కంటికి కనిపిస్తుందా? ప్లేట్ కోశాక హీట్ నంబర్‌ని ప్రతి ముక్క మీదకూ మార్చకపోతే ఏ ముక్క ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. లింపెట్ కాయిల్ (కూలింగ్ వాటర్ పారడానికి షెల్ బయట చుట్టే అరగొట్టం) వెల్డ్ చేశాక దాని కింద పడ్డ షెల్ సీమ్, అంటే వెల్డ్ అతుకు, మళ్లీ కనపడదు, లోపల లీకైతే ప్రొడక్ట్‌లోకి కూలింగ్ వాటర్ వస్తుంది. ఈ రెండింటికీ 'హెచ్' ఉండాల్సిందే. సీమ్‌కి రేడియోగ్రఫీ (వెల్డ్‌కి ఎక్స్-రేలాంటిది) ఎంత అనేది కూడా అక్కడే తేల్చుకోండి. ఏఎస్ఎంఈ (అమెరికా ప్రెషర్ వెసెల్ కోడ్) లెక్కలో రెండువైపులా వెల్డ్ చేసిన బట్ జాయింట్‌కి ఫుల్ రేడియోగ్రఫీ అయితే జాయింట్ ఎఫిషియెన్సీ (ప్లేట్‌తో పోలిస్తే అతుకు బలం ఎంతని లెక్కగట్టాలో) 1.0, స్పాట్ (అక్కడక్కడ మాత్రమే) అయితే 0.85, అసలు లేకపోతే 0.70. డ్రాయింగ్‌లో 0.85 వేసి, క్యూఏపీలో రేడియోగ్రఫీ వరుస ఖాళీగా వదిలేస్తే ప్లేట్ మందం లెక్కే తప్పుతుంది. పెయింటింగ్, ప్యాకింగ్‌లకు 'ఆర్' చాలు, వాటి కోసం మనిషిని పంపి డబ్బు తగలేయక్కర్లేదు.

డిష్ మార్పించాం, ఖర్చు చెరిసగం. చివరి పేమెంట్ అప్పటికే ఇచ్చేశాం కాబట్టి అంతకుమించి రాబట్టలేకపోయాం.

కొత్త ఆర్డర్ వేరేచోట ఇచ్చాం. 'హెచ్' పెట్టమంటే వారం ఆలస్యమవుతుందన్నారు, సరే అన్నాం. గన్ అద్దెకు తీసుకెళ్లి ప్లేట్లు, డిష్‌లు, నాజిల్ పైపులు అన్నీ చూసుకున్నాం. మూడు గంటలు పట్టింది.

మీరు ఇప్పటికే సంతకం చేసేసి ఉంటే, ఆ స్టేజ్ ఇంకా దాటలేదేమో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. దాటకపోతే రివిజన్ 1, అంటే సవరించిన ప్లాన్, అడగండి. ఫోన్లో ఒప్పుకున్నారని ఊరుకోకుండా, రివిజన్ నంబర్ వేసిన కాపీ మీద రెండువైపులా సంతకాలు పడేదాకా తదుపరి పేమెంట్ ఆపండి.