పెరటి గోబర్ గ్యాస్, సీబీజీ ప్లాంటు: వరంగల్ పల్లెలకు ఏది అనువు?

వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్న మన దేశంలో, పేడనూ చెత్తనూ ఇంధనంగా మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి పెరట్లో కట్టుకునే గోబర్ గ్యాస్ ప్లాంటు. రెండవది 2018లో కేంద్రం ప్రారంభించిన సతత్ పథకం ప్రోత్సహిస్తున్న సీబీజీ, అంటే సంపీడిత బయోగ్యాస్ ప్లాంటు.

రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాసునిచ్చే పెరటి ప్లాంటుకు సుమారు 50 కిలోల పేడ, అంటే నాలుగైదు పశువులు కావాలి. నలుగురైదుగురున్న ఇంటి వంటకు అది సరిపోతుంది, గ్యాసు తీశాక మిగిలే స్లర్రీ (పేడనీళ్లు) పొలానికి ఎరువవుతుంది. అయితే ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గిపోయిన ఊళ్లలో పేడకే కరువు. చలికాలంలో గ్యాసు కూడా తగ్గుతుంది.

సీబీజీ ప్లాంటులో 55 నుంచి 65 శాతం మీథేన్ అనే మండే వాయువు ఉండే ముడి గ్యాసు నుంచి కార్బన్ డయాక్సైడునూ, హైడ్రోజన్ సల్ఫైడునూ తొలగించి, మీథేన్‌ను 90 శాతం పైకి చేర్చి, సీఎన్‌జీ వాహనాలకు వాడుతారు. పెట్టుబడి చాలా ఎక్కువ. శ్రీరాంసాగర్ కాలువల కింద యాసంగి కోతల తర్వాత కొయ్యకాళ్లను తగలబెట్టే బదులు ఆ గడ్డినంతా ఇక్కడికి పంపవచ్చుననే వాదన వినడానికి బాగానే ఉంటుంది గానీ, లిగ్నిన్ (గట్టి పీచు పదార్థం), సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) ఎక్కువగా ఉన్న వరిగడ్డి త్వరగా కుళ్లదు; దానిని ముక్కలు చేసి, పేడతో కలపాలి, పైగా తేలికైన గడ్డిని దూరం మోయించడం గిట్టుబాటు కాదు.

నా అభిప్రాయంలో పాడి పశువులు ఇంకా ఉన్న ఇళ్లకు పెరటి ప్లాంటే మేలు. వరంగల్ నగరం పక్కన మాత్రం, కూరగాయల మార్కెట్ల, హోటళ్ల తడిచెత్తను విడిగా సేకరించగలిగితేనే, సీబీజీ ప్లాంటు పెట్టాలి.