టరాంటులా పెట్టెలకు ఇంట్లో చేసుకునే అల్మరా: ప్లైవుడ్, మెలమైన్, రాక్ – ఏది మేలు?

టరాంటులాలనే పెద్ద సాలీళ్లను పెంచేవారికి మొదటి రెండు మూడు పెట్టెల వరకు బల్ల మూలో, పుస్తకాల అరో సరిపోతుంది. పెట్టెల సంఖ్య పది దాటాక వాటికంటూ ఒక అల్మరా కావాలి. బజారులో దొరికే ఫర్నిచర్ కొలతలు పుస్తకాలకూ బట్టలకూ తగినవే గాని, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న గాజు పెట్టెలకు తగినవి కావు కాబట్టి, కొంచెం చేతిపని తెలిసినవారు సొంతంగా చేసుకోవడానికే మొగ్గుతారు. అమెరికాలో ఉండి ఈ పనికి పూనుకునేవారి ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి: ముప్పావు అంగుళం ప్లైవుడ్‌తో తలుపులున్న అల్మరా కట్టుకోవడం, మెలమైన్ అనే ప్లాస్టిక్ పూత వేసిన పార్టికల్ బోర్డుతో (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకతో) అదే రూపాన్ని చవకగా సాధించడం, తలుపుల జోలికి పోకుండా టూ బై ఫోర్ చెక్కలతోనో ఇనుప తీగల అరలతోనో రాక్ నిలబెట్టుకోవడం. నా మొగ్గు ప్లైవుడ్ వైపే అని ముందే చెబుతున్నాను. అయితే ఆ మొగ్గుకు కారణం చెక్క అందం కాదు. బరువు, తేమ, కదలిక అనే మూడింటి లెక్క.

ఈ జీవికి అల్మరా నుంచి కావలసింది చాలా తక్కువ. టరాంటులాలు ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి, ప్రకాశవంతమైన వెలుతురును ఇష్టపడవు. కాళ్లమీది సన్నని రోమాలతో గాలిలో చిన్న కదలికను, కాళ్లకింది అదురును కూడా పసిగడతాయి. వాటికి చీకటి, నిశ్చలత, మితమైన వెచ్చదనం, పెట్టెలోకి ఆడే గాలి చాలు. తలుపులు, తాళాలు, మెరుగులు ప్రధానంగా మనుషుల కోసం. అందువల్ల ఏ పదార్థం మేలు అన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది పెట్టె కింద ఉన్న అరలోనే.

బరువును చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ఐదు మిల్లీమీటర్ల గాజు పెట్టె, మూత లేకుండానే, ఐదున్నర నుంచి ఆరు కిలోలు తూగుతుంది, ఎందుకంటే ఆ మందం గాజు చదరపు మీటరుకు 12.5 కిలోలు. నేలమీద బొరియ తవ్వుకునే జాతికి అందులో ఆరంగుళాల మేర తడిపిన కొబ్బరిపొట్టు నింపితే మరో ఆరేడు కిలోలు చేరతాయి. మట్టి కలిపితే ఇంకా ఎక్కువ. నాలుగడుగుల అరలో అలాంటివి నాలుగు పెడితే యాభై కిలోల పైమాటే. అదే పరిమాణంలో అక్రిలిక్ పెట్టెలు గాజులో సగం బరువుకూడా ఉండవు, కానీ లోపలి పొట్టు బరువు మాత్రం తగ్గదు.

ఇక్కడే పార్టికల్ బోర్డుకూ ప్లైవుడ్‌కూ తేడా బయటపడుతుంది. అర రెండు కొసలనూ ఆనించి మాత్రమే ఉంచి, నాలుగడుగుల ముప్పావు అంగుళం పార్టికల్ బోర్డుమీద ఆ యాభై కిలోలూ సమంగా పరిస్తే, సాధారణ లెక్క ప్రకారం మధ్యభాగం సుమారు ముప్పావు అంగుళం దిగుతుంది. అదే మందం మంచి ప్లైవుడ్ పావు అంగుళం దగ్గర ఆగుతుంది, ఎందుకంటే దాని బిగువు పార్టికల్ బోర్డుకు రెండు మూడు రెట్లు. పైగా పార్టికల్ బోర్డు మొదటిరోజు వంగిన చోటే నిలవదు. బరువు కదలకుండా ఉన్నకొద్దీ నెలల తరబడి ఇంకా కుంగుతూనే ఉంటుంది. అయితే అసలు మందు పదార్థంలో కంటే అర పొడవులో ఉంది. అడుగుకు ఇంత బరువని సమంగా పరిచినప్పుడు వంపు అర పొడవుకు నాలుగో ఘాతంగా పెరుగుతుంది. అంటే తొంభై సెంటీమీటర్ల అరను అరవైకి కుదిస్తే వంపు అయిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి మెలమైన్‌తోనే చేయాలనుకునేవారు ప్రతి రెండడుగులకూ నిలువు చెక్క పెట్టుకుంటే, నాలుగడుగుల ప్లైవుడ్ అర కట్టినవారికంటే మెరుగ్గా ఉంటారు. ఈ ఒక్క మాట తెలిస్తే సగం పొరపాట్లు జరగవు.

మెలమైన్‌కు ఒక నిజమైన గుణం ఉంది: పైపూత నీటిని పీల్చుకోదు, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమవుతుంది, రంగు వేసే పని ఉండదు. కానీ ఆ పూత పలక రెండు ముఖాలకే ఉంటుంది. కోసిన అంచులో, మరమేకు (స్క్రూ) బిగించిన రంధ్రంలో చెక్కపొట్టు బయటపడి ఉంటుంది. అక్కడ నీరు చేరితే ఉబ్బి, మరమేకుల పట్టు సడలుతుంది, ఆ తరువాత దాన్ని తిరిగి సరిచేయడానికి వీలుండదు. దక్షిణ అమెరికా చిత్తడి అడవులకు చెందిన థెరఫోసా జాతులకు పొట్టును తడిగా ఉంచాలి, నీటిపాత్ర పొర్లుతుంది, స్ప్రే చేసిన నీరు పెట్టె వెనుకగా జారుతుంది. ఇవన్నీ ఏదో ఒకరోజు ఆ అంచును చేరతాయి. మెక్సికో పొడినేలల బ్రాకిపెల్మాలు మాత్రమే పెంచేవారికి ఈ బెడద అంతగా లేదు. మెలమైన్ వాడేవారు అంచులన్నిటికీ, కనిపించని వెనుక అంచులతో సహా, ఎడ్జ్ బ్యాండింగ్ పట్టీ అతికించాలి.

ఆవిర్ల విషయంలో ప్లైవుడ్‌కు కొంత మొగ్గు ఉన్నా, అది పెద్దది కాదు. అమెరికాలో 2018 నుంచి అమలులో ఉన్న సమాఖ్య నిబంధనలు చెక్క పలకలనుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌కు హద్దు విధించాయి: హార్డ్‌వుడ్ ప్లైవుడ్‌కు పది లక్షల భాగాలకు 0.05, పార్టికల్ బోర్డుకు 0.09, మధ్యస్థ సాంద్రత ఫైబర్ బోర్డుకు 0.11. మూడూ అనుమతించినవే. నేను ఎక్కువగా భయపడేది పలక మీద మనం పూసేదానికి, చెక్కలోకి ముందే ఎక్కించి ఉన్నదానికి. ఆరుబయట వాడకానికి అమ్మే ప్రెషర్ ట్రీటెడ్ చెక్కలో పురుగులనూ శిలీంధ్రాన్నీ ఆపడానికి రాగి లవణాలు కలిపి ఉంటాయి. సాలీడు పెట్టెల చుట్టూ అలాంటి చెక్క వద్దు. దేవదారు వాసన మనకు ఎంత హాయిగా ఉన్నా, ఆ సువాసన తైలాలే కీటకాలను దూరంగా ఉంచుతాయి గనుక దాన్నీ పక్కన పెట్టడమే మంచిది. బట్టీలో ఆరబెట్టిన పైన్ సరిపోతుంది. నీటి ఆధారిత వార్నిష్ ఏది వేసినా, వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కొన్ని వారాలపాటు, అల్మరాను ఖాళీగా తెరిచి ఉంచాలి. భారతదేశంలో ఇదే పనిచేసేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి: చెదలు పట్టకుండా జిగురులోనే పురుగుమందు కలిపి తయారుచేసే ప్లైవుడ్ అక్కడ మామూలు; మనుషులకు అది సౌకర్యమే గాని, కీటకాలకు దూరపు చుట్టమైన ఈ జీవికి కాదు.

ఇక తలుపుల్లేని రాక్. గాలి విషయంలో దీనికి సాటి లేదు, ఒక సాయంత్రం పనితో నిలబడుతుంది, ఖర్చు తక్కువ. టూ బై ఫోర్ అంటే పేరుకు రెండు నాలుగు గాని, నిజంగా ఒకటిన్నర, మూడున్నర అంగుళాల చెక్క. దానితో చట్రం కట్టి, పైన ముప్పావు అంగుళం ప్లైవుడ్ పరిస్తే, అది పార్టికల్ బోర్డు అల్మరా కంటే ఎంతో ఎక్కువ బరువు మోస్తుంది. ఇనుప తీగల రాక్ తుప్పు పట్టనంతకాలం తేమకు భయపడదు. కానీ దాని అరలమీద చిన్న పెట్టెల మూలలు తీగల మధ్య ఒరుగుతాయి, కాబట్టి పైన పలక పరచాల్సిందే. చక్రాలు బిగించిన రాక్‌ను గదిలో ఎవరైనా తాకినా అదురు అన్ని అరలకూ పాకుతుంది. నేలమీద తిరిగే పెద్ద టరాంటులా అడుగు ఎత్తునుంచి పడినా పొట్ట పగిలి చనిపోవచ్చు. అందుకే పెట్టెలో పొట్టు పైభాగానికీ మూతకూ మధ్య జాగా, కాళ్లు చాచినప్పటి పొడవుకు ఒకటిన్నర రెట్లు మించకుండా చూస్తారు. అంత జాగ్రత్తగా నింపిన పెట్టెను, ముందు అంచుకు అడ్డు కూడా లేని అరమీద పెట్టడం నాకు మింగుడుపడదు. రాక్ ఎంచుకున్నవారు ప్రతి అర ముందు అంగుళం ఎత్తు పట్టీ బిగించి, పైభాగాన్ని గోడ లోపలి నిలువు చెక్కకు కట్టివేయాలి. కాలిఫోర్నియా భూకంపాల ప్రాంతంలో ఉన్నవారికి ఏ రకం అల్మరాకైనా ఈ రెండూ తప్పనిసరి.

గాలి, వెచ్చదనం ఒకదానినొకటి లాగుతాయి. తలుపులు మూసిన అల్మరా వెచ్చదనాన్ని నిలుపుతుంది, కానీ లోపలి తేమ కూడా నిలిచి, పొట్టుమీద బూజు పడుతుంది. వెనుక పలకను మొత్తంగా బిగించకుండా, ప్రతి అర వెనుక పైన, కింద రెండు మూడు అంగుళాల మేర ఖాళీ వదిలి, సన్నని స్టీలు జాలీ వేయడమే దీనికి మంచి పరిష్కారం. గాలి కింద నుంచి వచ్చి పైకి పోతుంది, దారి తప్పిన చిన్న కీచురాళ్లలాంటి ఆహారపు కీటకాలూ బయటపడవు. న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి చలి రాష్ట్రాల్లో గదిని ఇరవై నుంచి ఇరవై ఆరు సెల్సియస్ డిగ్రీల మధ్య ఉంచగలిగితే చాలా జాతులకు వేరే వేడి అవసరం లేదు. ఉంచలేకపోతే హీట్ కేబుల్‌ను అల్మరా వెనుక గోడకో పక్కగోడకో బిగించి థెర్మోస్టాట్‌తో నడపాలే తప్ప, పెట్టె అడుగున హీట్ మ్యాట్ పరచకూడదు. ఎండవేడి పైనుంచి వస్తుంది గనుక తప్పించుకోవడానికి కిందికి తవ్వడం వీటి స్వభావం; అడుగునే వేడి పెడితే అవి వేడివైపుకే తవ్వుకుంటూ పోతాయి. మూసిన అల్మరాలో పై అర ఎప్పుడూ కింది అరకంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి, చల్లదనాన్ని ఓర్చే గ్రామోస్టోలా జాతులను కింద, వెచ్చదనం కోరేవాటిని పైన అమర్చుకోవచ్చు.

ఈ అమరికలో తెలుగువారికి ఒక ప్రత్యేక అతిథి ఉంది. అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప డిపోలో దొరికిన ఒక్క సాలీడు ఆధారంగా 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ వర్ణించిన నీలిరంగు పోసిలోథీరియా మెటాలికా, తరువాత వందేళ్లపాటు శాస్త్రజ్ఞులకు కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ దొరికింది. కలపతోపాటు గుత్తికి చేరి ఉంటుందని అభిప్రాయం. నేడు అమెరికా పెంపకందారుల అల్మరాల్లో కనిపించేవాటిలో పెంపకంలోనే పుట్టినవి అధికం. 2019లో ఆ ప్రజాతి మొత్తం, ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి వచ్చింది. ఇది చెట్టుతొర్రల జీవి, చాలా వేగంగా కదులుతుంది, కాటు తీవ్రమైన కండరాల నొప్పులు తెప్పిస్తుంది. దీనికి అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తున్న పెట్టె, ఛాతీ ఎత్తులో ఉండే అర కావాలి. తలపైకి చేతులెత్తి దాని తలుపు తీయడం ఎవరికీ క్షేమం కాదు. దురద పుట్టించే రోమాలు విసిరే అమెరికా ఖండాల జాతులను కంటి ఎత్తు అరలో ఉంచకపోవడమూ అంతే ముఖ్యం. ఇలా అరల ఎత్తులు జాతిని బట్టి మారతాయి కాబట్టి, అన్ని అరలనూ గాడిలో స్థిరంగా బిగించకుండా, మధ్యలో ఒక్క అరను మాత్రం బిగించి, మిగతావాటిని పిన్నులమీద జరుపుకునేలా చేయడం నాకు నచ్చిన పద్ధతి.

కొలతల విషయంలో ప్లైవుడ్‌కు ఇంకో సౌలభ్యం ఉంది. నాలుగు అడుగులు, ఎనిమిది అడుగుల షీటును వెడల్పున మూడు భాగాలు చేస్తే, రంపపు కోత పోను, పదిహేనుముప్పావు అంగుళాల కంటే కొంచెం ఎక్కువే వెడల్పున్న పట్టీలు వస్తాయి. అడుగు లోతు పెట్టెకు వెనుక గాలి జాగా, ముందు జారుడు గాజు తలుపుల గాడి రెండూ అందులో ఇముడుతాయి. ఆరడుగుల ఎత్తు, ముప్పై అంగుళాల వెడల్పుతో, పైకప్పు, అడుగు కలుపుకొని ఆరు అరలుండే అల్మరాకు నాలుగు పట్టీలు చాలు. రెండు షీట్లు తెస్తే ఇంకా రెండు పట్టీలు మిగులుతాయి, వాటితో ముందు పట్టీలు, పీఠం అయిపోతాయి. దుకాణంలోనే పొడవునా కోయించుకుంటే ఇంట్లో పెద్ద రంపం అవసరం పడదు.

తలుపులకు నా ఓటు జారుడు గాజుకే. తెరిచినప్పుడు ముందుకు రాదు కాబట్టి ఇరుకు గదిలో ఇబ్బంది ఉండదు, విసురుగా మూసినా అదురు తక్కువ. అక్రిలిక్ తేలిక, కానీ లోపల తేమ, బయట పొడి ఉంటే పలక వంగుతుంది. చిన్నపిల్లలో పిల్లులో ఉన్న ఇంట్లో గాజు తలుపులకు షోకేస్ తాళం వేయాలి. ఈ ఒక్క కారణంతోనే అలాంటి ఇళ్లలో తలుపుల్లేని రాక్‌ను నేను పోటీలోంచి తీసేస్తాను. వేరే గదో, బేస్‌మెంటో ఉండి, అందులోకి మరొకరు అడుగుపెట్టని ఇంట్లో మాత్రం టూ బై ఫోర్ రాక్‌ను మించినది లేదు. అక్కడ డబ్బును తలుపులమీద కంటే గది హీటరుమీద పెట్టడం తెలివైన పని. అద్దె ఇంట్లో రెండేళ్లకోసారి మారేవారు ప్లైవుడ్‌తోనే కట్టుకున్నా, జిగురు వాడకుండా బోల్టులతో బిగించుకోవాలి; పార్టికల్ బోర్డులో ఒకసారి విప్పిన మరమేకు రెండోసారి అదే పట్టుతో బిగియదు.