కమాన్ బుష్‌లు: రబ్బరువి, పాలీయురేథేన్‌వి ఏడేళ్లు వాడాక

నా పికప్ వయసు 22 ఏళ్లు. ఇంజిన్‌తో ఎప్పుడూ పెద్ద ఇబ్బంది రాలేదు. నన్ను బాగా తిప్పలు పెట్టినవి వెనక కమాన్ పట్టీల (బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీల) బుష్‌లు, అంటే ఆ పట్టీల చివర బోల్టు చుట్టూ ఉండే తొడుగులు. ఏడేళ్లలో మూడుసార్లు మార్చాను: మొదట రబ్బరువి, తర్వాత పాలీయురేథేన్‌వి (రబ్బరు కన్నా గట్టిగా ఉండే ఒక రకం ప్లాస్టిక్), మళ్లీ రబ్బరువి. ఇప్పుడున్న మూడో సెట్టుకి నాలుగేళ్లు నిండాయి. పాత బండిని ఇంకా లోడుకి వాడుతున్నవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మొదట్లో బండి కదిలినప్పుడు ఒకసారి, బ్రేకు వేసి ఆపినప్పుడు ఒకసారి వెనక నుంచి టక్కుమని చప్పుడు వచ్చేది. షాకప్‌లు పోయాయనుకుని రెండూ మార్పించాను. చప్పుడు తగ్గలేదు. తర్వాత వెనక చక్రాలని తిప్పే షాఫ్టు చివర ఉండే జాయింట్ క్రాస్ మీద అనుమానం వచ్చింది. షాఫ్టుని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తే లూజు లేదు, కప్పుల దగ్గర ఎర్రటి తుప్పు పొడి కూడా లేదు. ఒకరోజు నిండు లోడుతో మలుపు తిరుగుతుంటే బండి వెనక భాగం తనంతట తాను పక్కకి జరిగినట్టనిపించింది. ఇంటికొచ్చి కింద దూరి చూశాను. కమాన్ కన్ను (పట్టీ చివర గుండ్రంగా చుట్టిన రంధ్రం) మధ్యలో ఉండాల్సిన బోల్టు ఒక అంచుకి ఆనుకుని ఉంది. ఇనప కడ్డీ పెట్టి కాస్త ఎత్తగానే నల్లటి పొడి జలజలా రాలింది. బుష్‌లో రబ్బరు అన్నది మిగల్లేదు.

ఈ బుష్ ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వల్లే మొదటిసారి నష్టపోయాను. లోడు పడితే కమాన్ చదునై పొడవు సాగుతుంది. ఆ పొడవుకి చోటివ్వడానికే వెనక వైపు షాకిల్ (కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే పలకల జత) ఊగుతుంది. అలా కదిలిన ప్రతిసారీ బుష్ లోపలి ఇనప గొట్టం బోల్టు బిగువుకి కదలకుండా ఉంటుంది, బయటి గొట్టం కన్నుతో పాటు తిరుగుతుంది. మధ్యలో ఉన్న రబ్బరు మెలిపడి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. జారడం ఉండదు, మెలిపడడమే. పాలీయురేథేన్ బుష్ అలా కాదు, అది లోపలి గొట్టం చుట్టూ జారుతూ తిరుగుతుంది. దానికి గ్రీజు కావాలి, రబ్బరు బుష్‌కి అక్కర్లేదు.

మొదటి సెట్టు వర్క్‌షాపులో వేయించాను. బండిని పైకెత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేశారు. నేను పక్కనే ఉన్నాను, అందులో తప్పుందని నాకూ తెలియదు. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుపోతుంది. బండి కిందికి దిగగానే ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు కూడా మెలిపడే ఉంటుంది. పైన లోడు పడితే ఇంకా మెలి. ఏడాది దాటేసరికి చిరిగిపోయింది. అప్పుడు రబ్బరుది నాసిరకమని తిట్టుకున్నాను. సరుకు మంచిదే, బిగించిన తీరే తప్పు.

ఆ కోపంలోనే పాలీయురేథేన్‌వి కొని నేనే వేసుకున్నాను. లోడుతో వెళ్లేటప్పుడు తేడా మొదటిరోజే తెలిసింది. వెనక భాగం ఊగడం బాగా తగ్గింది, మలుపుల్లో ధైర్యం వచ్చింది. ఖాళీ బండికి మాత్రం గతుకులన్నీ నేరుగా సీట్లోకి తగిలేవి. వాన వెలిసిన రెండు మూడు రోజులకి కిర్రుకిర్రుమని మొదలయ్యేది. సిలికాన్ గ్రీజు పెడితే కొన్ని వారాలు బాగుండేది, మళ్లీ మామూలే. నా సెట్టుకి గ్రీజు నిపుల్ (విప్పకుండానే గ్రీజు ఎక్కించే చిన్న మూతి) లేదు కాబట్టి ప్రతిసారీ బోల్టు విప్పాల్సిందే. రెండేళ్ల తర్వాత తీసి చూస్తే పాలీ ముక్కలు చెక్కుచెదరలేదు. గ్రీజు అందని చోట ఇనప గొట్టమే తుప్పుపట్టి గాడి పడింది. ఎప్పుడూ లోడు మీదే తిరిగే బండికి, గ్రీజు పెట్టే ఓపిక ఉన్న మనిషికి ఇవి మంచివే. నిపుల్ ఉన్న బోల్టుతో వచ్చే రకమైతే ఇంకా నయం.

అసలు కష్టం పాతవి తీయడంలో ఉంది. మొదటి సెట్టు తీసేటప్పుడు షాకిల్ బోల్టు లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది. నట్టు వచ్చింది, బోల్టు రాలేదు. రెండు రాత్రులు తుప్పు వదిలించే నూనె పోసినా బోల్టుతో పాటు గొట్టం తిరుగుతోందే తప్ప బయటికి రాలేదు. చివరికి కన్నుకీ షాకిల్ పలకకీ మధ్య సందులో బ్లేడు పెట్టి బోల్టునే కోశాను. బయటి గొట్టం కన్నులో ఉండిపోయింది. హ్యాక్సా బ్లేడుని కన్నులోకి దూర్చి ఫ్రేముకి బిగించి, గొట్టాన్ని పొడవునా కోసి, ఉలితో లోపలికి మడిచి తీశాను. ఇక్కడ తొందరపడకూడదు. బ్లేడు కమాన్ ఇనుముకి తగిలి గీత పడితే రేపు పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. మంట పెట్టి రబ్బరు కాల్చేస్తే తేలికని ఒకరు చెప్పారు గానీ నేను చేయలేదు. ఆ వేడికి కమాన్ పదును పోతుంది, ఆ పొగ పీల్చకూడదు.

మూడో సెట్టుకి కంపెనీ రకం రబ్బరు బుష్‌లే తీసుకున్నాను, బోల్టులు, నట్లు కూడా కొత్తవే. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకి అడ్డుగా దిమ్మలు వేసి, యాక్సిల్ బరువుని వేరే జాకీ మీద ఆపాను. ఉట్టి జాకీని నమ్మి బండి కిందికి ఎవరూ దూరకండి. బోల్టు నున్నటి భాగానికి పల్చగా గ్రీజు రాశాను, మరల మీద పడనివ్వలేదు. మరలకి గ్రీజు తగిలితే టార్క్ రెంచి (బిగువు కొలిచే రెంచి) చూపే అంకె అదే అయినా బోల్టు ఎక్కువ లాగబడుతుంది. నట్లు చేత్తో ఆనేంతవరకే తిప్పి బండిని చక్రాల మీదికి దించాను. వెనక భాగాన్ని నాలుగుసార్లు గట్టిగా కిందికి నొక్కి వదిలాను. అది తన ఎత్తులో నిలబడ్డాక మాన్యువల్లో ఉన్న టార్క్‌కి బిగించాను. కమాన్‌ని యాక్సిల్ నుంచి కూడా విడదీశాను కాబట్టి ఆ రెండిటినీ కట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవి వేశాను, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ చూశాను. ఒక వైపు నట్లు పావు చుట్టు తిరిగాయి.

నాలుగేళ్లుగా టక్కుమన్న చప్పుడు లేదు, కిర్రు లేదు. లోడులో పాలీ అంత బిగువు లేదన్నది నిజం, మలుపుల్లో నేను వేగం కాస్త తగ్గిస్తాను. ఖాళీగా నడిపేటప్పుడు మాత్రం బండి మళ్లీ మెత్తగా నడుస్తోంది. నా బండి సగం రోజులు ఖాళీగానే తిరుగుతుంది, అందుకే నా ఓటు రబ్బరుకే.

పోయిన నెల టార్చి వేసుకుని మళ్లీ కింద దూరి చూశాను. బోల్టులు నాలుగూ కన్ను మధ్యలోనే ఉన్నాయి. కుడివైపు షాకిల్ పై బుష్ అంచున వెంట్రుకంత పగుళ్లు కనిపించాయి, గోరుతో గీస్తే పొడి రాలలేదు. ఇంకో ఏడాది వస్తుందనుకుంటున్నాను. ఇప్పుడే కొని దాచుకోవడం లేదు. రబ్బరు పెట్టెలో ఉన్నా గట్టిపడుతుంది కాబట్టి మార్చే వారమే తాజావి తెచ్చుకుంటాను.